దుప్పటి కింద బేరం

నేను స్పృహ లేకుండా పడున్న రోజుల్లో ఏం చూశానో అడగనివాళ్ళు మా ఊళ్ళో లేరు. అడిగితే అడగనీ, నాదేం పోయింది? చెప్పాకే తంటా. ఒక్కళ్ళకీ నచ్చదు.

మా పాస్టరుగారు ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను ముందుకు పిలిచి సాక్ష్యం చెప్పమన్నారు. చావుదాకా వెళ్ళి తిరిగొచ్చినవాడు సంఘం ముందు నిలబడి తనకు జరిగిన మేలు చెప్పుకోవడం మా దగ్గర మామూలే. చేతికర్ర ఊతంతో లేచాను. గొంతు అప్పటికింకా బొంగురుగానే ఉంది. "గేదెల సంత చూశానండీ" అన్నాను. ఆడవాళ్ళ వైపు నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. పాస్టరుగారు ఓపికున్న మనిషి. "అదికాదు బ్రదర్, వెలుగులాంటిది ఏమైనా..." అని అందించబోయారు. "ఎండ బాగానే కాసిందండీ" అన్నాను. అంతటితో నా సాక్ష్యం అయిపోయింది. వాళ్ళు పాట ఎత్తుకున్నారు, నేనొచ్చి నా కుర్చీలో కూర్చున్నాను.

ఇక మా వీధిలో హిందువులు ఇంకో దారిలో వస్తారు. "యముడొచ్చాడా మావా? దున్నపోతు మీదే వచ్చాడా?" అని పాలకేంద్రం దగ్గర ఒకడు అందరిముందూ ఆటపట్టించాడు. "దున్నపోతు కనపడుంటే ముందు నోరు తెరిపించి పళ్ళు చూసేవాణ్ణిరా, దాని వయసెంతో మీ అందరికీ చెప్పేవాణ్ణి" అన్నాను. అక్కడున్నవాళ్ళంతా నవ్వారు గానీ, వాడి మొహంలో మాత్రం ఏదో దాస్తున్నానన్న అనుమానం పోలేదు.

నాకు అబద్ధం చెప్పడం చేతకాక కాదు. పశువుల బేరాల్లో జుట్టు నెరిసినవాణ్ణి. ఒక వెలుగు, ఒక తెల్లటి మెట్లదారి, చివర్న మా అమ్మ, ఇంత చెబితే చాలు, అందరూ కళ్ళు తుడుచుకుని ఇళ్ళకు పోతారు. కానీ ఇది నా తలకాయలో జరిగిన సంగతి. నా ప్రాణం మీదికొచ్చిన సంగతి. ఎవరి కోసమూ దీన్ని మార్చి చెప్పను. వినేవాళ్ళు వింటారు, లేనివాళ్ళు లేచి పోతారు.

మా ఊరు కూచిపూడికి దగ్గర్లోనే. అక్కడికి నాట్యం నేర్చుకోడానికి ఎక్కడెక్కడి పిల్లలో వస్తారు, మా ఊరికి మాత్రం పాడిగేదెల కోసం వస్తారు. నేనూ నా తమ్ముడూ కలిసి బేరాలు చేస్తాం. అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య నిలబడి ధర కుదర్చడం మా పని. సంతలో ధర నోటితో చెప్పం. చుట్టూ పదిమంది చెవులు నిక్కబొడుచుకుని ఉంటారు, మన ధర పైకొస్తే పక్క బేరాలన్నీ పాడవుతాయి. అందుకని ఇద్దరం చేతులు కలిపి పైన తుండుగుడ్డ కప్పుకుంటాం. కింద వేళ్ళు మాట్లాడుకుంటాయి, పైన మేం వానల గురించో కాలవ నీళ్ళ గురించో మాట్లాడుకుంటూ ఉంటాం.

ఒక్కో సంతలో ఒక్కో పద్ధతి. మా పద్ధతిలో ఒక వేలు పట్టుకుంటే పదివేలు, రెండు పట్టుకుంటే ఇరవై, చెయ్యంతా కలిపి పట్టుకుంటే యాభై, ఆపైన మళ్ళీ ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అన్ని పదులు కలుపుకోవాలి. అరచేతిలో బొటనవేలితో గీరితే ఇంకో అయిదు కలుపుకోమని. వేళ్ళు విదిలించామంటే ఆ ధర కుదరదని. పిడికిలి బిగించి నొక్కామంటే సరే, ఒప్పుకున్నానని. బేరం కుదిరినా చెడినా చెయ్యి బయటికి తీసేస్తాం. ఒకసారి తీశాక ఆ పశువు కోసం మళ్ళీ చెయ్యి పెట్టకూడదు. అది మాకు మాట ఇచ్చినట్టు లెక్క.

ఇప్పుడు ఫోన్లో గేదె వీడియో పంపించి ధరెంతని అడిగే రోజులొచ్చాయి. అయినా మా తమ్ముడికీ నాకూ అలవాటు పోలేదు. పండక్కి కలిసి చెయ్యి పట్టుకున్నా వేళ్ళు ఊరుకోవు. నా భార్యకు మాత్రం ఈ లెక్క ఎన్నడూ చెప్పలేదు. పెళ్ళయిన కొత్తలో అడిగింది. "నువ్వేమైనా సంతకొస్తావా ఏంటే, నీకెందుకు?" అన్నాను. మళ్ళీ అడగలేదు.

నన్ను పడేసింది కూడా గేదే. గన్నవరం అవతల ఎవరిదో మంచి ముర్రా గేదె ఉందంటే చూద్దామని బండి మీద బయల్దేరాను. కాలవగట్టు మీద పోతుంటే తుమ్మచెట్ల చాటునుంచి ఒక గేదె తీరుబడిగా రోడ్డెక్కింది. హెల్మెట్ ఉంది, బండి ట్యాంకు మీద ఉంది. తర్వాత ఊళ్ళోవాళ్ళు ఎంత నవ్వారో చెప్పలేను. ఇన్నేళ్ళూ గేదెల్ని అమ్మిన పాపం ఊరికే పోతుందా అన్నారు. నవ్వనీండి, బతికున్నాను కాబట్టే కదా నవ్వారు.

ఎవరో ఆటోలో వేసి పక్క ఊరి డాక్టరు దగ్గరికి, అక్కడినుంచి అంబులెన్సులో విజయవాడకు తీసుకెళ్ళారట. తల కోసి లోపల గడ్డకట్టిన రక్తం తీశారట. ఊపిరి ఆడటానికి మిషన్ పెట్టారట. ఇవన్నీ అట అట. నాకేం తెలుసు?

స్పృహ లేదంటే లైటార్పినట్టు ఉంటుందని అనుకునేవాణ్ణి. కొన్ని రోజులు నిజంగా అలాగే ఉండి ఉంటాయి, ఎందుకంటే అవి నా దగ్గర లేవు. ఎంత వెతికినా లేవు. ఆ తర్వాత ఎప్పుడో, ముందూ వెనకా లేకుండా, నేనొక సంతలో ఉన్నాను. ఎలా వచ్చానన్న ప్రశ్నే పుట్టలేదు. మామూలు కలలో ఒక్కోసారి ఇది కలేనేమో అనిపిస్తుంది చూడండి, ఇక్కడ ఒక్కసారీ అలా అనిపించలేదు. ఇప్పుడు నేను కూర్చున్న ఈ బల్ల ఎంత గట్టిగా ఉందో ఆ సంత నేల అంత గట్టిగా ఉంది. పేడ వాసన, గడ్డి వాసన, ఎండ. పక్కనే ఎక్కడో రైసుమిల్లు ఉస్సు... ఉస్సు... మంటూ ఆగకుండా ఆడుతోంది.

నేను కొనడానికి రాలేదు. నన్ను అమ్మకానికి పెట్టారు.

నా ముక్కులో తాడుంది. రెండు చేతులూ రెండు వైపులా గుంజలకు కట్టేశారు. ఎవరో వచ్చి నన్ను ఈ పక్కకు తిప్పుతారు, కాసేపయ్యాక ఆ పక్కకు తిప్పుతారు. రెండు పక్కలూ చూసుకోకుండా ఎవరూ కొనరు కదా, సబబే అనుకున్నాను. ఇంకెవరో నోరు తెరిచి లోపలంతా తడిమి, తడిగుడ్డతో తుడిచి పోతారు. పళ్ళు చూస్తున్నారన్నమాట. మైకులో ఎక్కడో దూరంగా నా పేరు చెప్పి కళ్ళు తెరవండి, కళ్ళు తెరవండి అంటున్నారు. సంత మైకుల్లో ఎప్పుడూ ఏదో ఒకటి వాగుతూనే ఉంటారు, ఎవడు పట్టించుకుంటాడు?

ఇందులో ఏది ఏమిటో తర్వాత నర్సమ్మలే విడమరిచి చెప్పారు. రైసుమిల్లు ఊపిరి మిషన్. ముక్కుతాడు పాలు పోసే గొట్టం. గొట్టాలు పీకేసుకుంటానేమోనని చేతులు మంచానికి గుడ్డతో కట్టారు. వీపు పుండ్లు పడకుండా అటూ ఇటూ తిప్పేవారు, నోరు శుభ్రం చేసేవారు. డాక్టరుగారు ఒక మాటన్నారు. శబ్దమూ స్పర్శా లోపలికి వెళ్తూనే ఉంటాయండీ, లోపల అవి ఏ కథగా మారతాయో మాకూ తెలియదు అన్నారు. నా కథ గేదెల కథైంది. ఇంకేమవుతుంది, నేనేమైనా కలెక్టరునా?

చిత్రం ఏమిటంటే, అమ్ముడుపోయే పశువూ నేనే, పక్కన నిలబడి ధర చూసే బేరగాడూ నేనే. రెండూ ఎలా అవుతావయ్యా అని అక్కడ ఎవరూ అడగలేదు, నాకూ తేడాగా అనిపించలేదు. ఒక్కటి మాత్రం ఖాయంగా తెలుసు. సంత చివర ఒక లారీ ఆగి ఉంది. బేరం కుదిరిన పశువుని అందులోకి ఎక్కిస్తున్నారు. ఎక్కిన పశువు మళ్ళీ ఈ సంతకు రాదు. నాకు భయం వేసింది, నిజం చెబుతున్నాను, చాలా భయం వేసింది. కాళ్ళు నేలలోకి దిగేసుకుని నిలబడ్డాను. ఎవడు లాగుతాడో చూద్దాం అనుకున్నాను.

అలాగని నాకు గుర్తున్నవన్నీ జరిగాయని చెప్పను. మా మేనమామ గొడుగేసుకుని నా పక్కన నిలబడి మరమరాలు తిన్నాడని ఇప్పటికీ ఒట్టేసి చెప్పగలను. ఆయన అసలు ఆ గదిలోకే రాలేదట. కాబట్టి నా ఒట్లకు ఉన్న విలువ అంత. ఇప్పుడు చెప్పబోయేదానికి మాత్రం బయటి సాక్షులు ఇద్దరున్నారు, నా తమ్ముడూ నా భార్యా.

బయట జరిగింది ఇది. ఆపరేషన్ అయ్యాక ఎన్నాళ్ళకీ కళ్ళు తెరవకపోయేసరికి డాక్టరుగారు మావాళ్ళను కూర్చోబెట్టి, ఎప్పుడు లేస్తారో, అసలు లేస్తారో లేదో చెప్పలేనన్నారు. ఆ రోజే మా మేనమామ తేల్చేశాడు. ఊపిరుండగానే ఇంటికి తీసుకుపోదాం అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. మా వైపు అందరూ కోరుకునేది అదే. ఆశ వదులుకున్న మనిషిని ఆస్పత్రి మంచం మీద పోనివ్వరు. ఇంట్లో, తన మంచం మీద, నలుగురూ చుట్టూ చేరి ప్రార్థన చేస్తుండగా పోవాలి. మా అమ్మనీ నాన్ననీ ఆయనే అలా దగ్గరుండి సాగనంపాడు. మిషన్ తీసేసి అంబులెన్సులో వేసుకుపోతే దారిలో ఉయ్యూరు దాటేలోపే నా పని అయిపోతుందని అందరికీ తెలుసు. తెలిసే అన్నారు.

నా భార్యను అడిగితే తల ఊపిందట. ఏం చేస్తుంది పాపం? చుట్టూ పెద్దవాళ్ళు, ఎదురుగా డాక్టరు. అంబులెన్సు గేటు దగ్గరికి వచ్చేసింది. చివరిచూపుగా తమ్ముణ్ణి ముందు లోపలికి పంపారు.

వాడు ఏడుస్తూ వచ్చి, "అన్నా, ఇంటికి పోదాం రా" అంటూ దుప్పటి కింద నా చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకోవాలని మాత్రమే పట్టుకున్నాడట. కానీ పైన గుడ్డ, కింద అన్న చెయ్యి. ఇన్నేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? వాడికి తెలియకుండానే వాడి వేళ్ళు నా రెండు వేళ్ళను పట్టుకున్నాయి. ఇంకెవరైనా అయితే అరచెయ్యి నిమిరేవాళ్ళు, ముద్దు పెట్టుకునేవాళ్ళు. పశువుల బేరగాడు కాబట్టి చావబోతున్న అన్నకు ధర చెప్పాడు.

అటు సంతలో నాకు ఎవరిదో చెయ్యి తగిలింది. మొహం కనపడలేదు. రెండు వేళ్ళు. ఇరవై వేలు! ఒళ్ళు మండిపోయింది. వట్టిపోయిన గేదెకు కూడా ఇంకాస్త ఎక్కువ పలుకుతుంది కదరా, కళ్ళు కనపడట్లేదా నీకు, నా ఒంటి పుష్టి చూడు, నా పళ్ళు చూడు అనుకుని, ఛీ పొమ్మని వేళ్ళు విదిలించేశాను.

మా తమ్ముడు ఆ గదిలోంచి బయటికి ఎలా వచ్చాడో వాడికే గుర్తులేదట. వసారాలో అందరి మధ్యా నిలబడి, "అన్న ఒప్పుకోలేదు! బేరానికి ఒప్పుకోలేదు!" అని అరిచాడు. వీడికి మతి పోయిందని మా మేనమామ జబ్బ పట్టుకుని కూర్చోబెట్టాడు. డాక్టరుగారు వచ్చి నా గోరు నొక్కి చూశారు, పేరు పెట్టి పిలిచారు, చెయ్యి పట్టుకోమన్నారు. నేను ఉలకలేదు, పలకలేదు. ఎలా పలుకుతాను? బేరం చెప్పి మధ్యలో వెళ్ళిపోయినవాడి కోసం అక్కడ నేను ఎదురుచూస్తున్నాను. "నరాలు వాటంతటవే అదిరినా ఇలాగే ఉంటుందమ్మా" అని నా భార్యతో చెప్పారట. "అదేనని కూడా గట్టిగా చెప్పలేను. ఇంకొన్నాళ్ళు చూస్తానంటే చూడండి, నేను వద్దనను."

మా మేనమామ, "అమ్మాయ్, బండి వచ్చేసింది. లేనిపోని ఆశలు పెట్టుకోకు, వాణ్ణి ఇంకా హింస పెట్టకు" అన్నాడు.

నా భార్య ఆయన ముందు ఎన్నడూ కూర్చుని మాట్లాడిన మనిషి కాదు. ఆ రోజు బెంచీ మీంచి లేవకుండానే చెప్పిందట. "బాబాయిగారూ, ఆయన కుదరదన్నారుగా. కుదరదన్న మనిషిని బలవంతంగా ఎలా తీసుకెళ్తారండీ? బండిని పంపించేయండి."

"వాడన్నాడని ఎవరన్నారే?"

"మీ చిన్న మేనల్లుడు చెప్పాడు. ఆ లెక్క వాళ్ళిద్దరికే తెలుసు. మీకు తెలియదు, నాకూ తెలియదు. తెలిసినవాడు చెప్పాక నేను వింటాను."

ఆయనకు కోపం వచ్చింది. ఆస్పత్రి మెట్లు దిగి ఊరి బస్సెక్కి వెళ్ళిపోయాడు. అంబులెన్సు ఖాళీగా తిరిగిపోయింది. అప్పుడు నా భార్య నా తమ్ముడి వైపు తిరిగి, "ఆ లెక్క నాకు నేర్పు" అంది.

వదిన చెయ్యి పట్టుకుని నేర్పడానికి వాడికి మొహమాటం. కిందికెళ్ళి అరటిపళ్ళు కొనుక్కొచ్చాడు. అయిదు పళ్ళున్న అత్తం ఒకటి విరిచి, పైన తుండుగుడ్డ కప్పి, వసారాలో బెంచీ మీద పెట్టి నేర్పాడు. ఇదొక్కటీ పట్టుకుంటే పది వదినా, ఇవి రెండూ అయితే ఇరవై, మొత్తం పట్టుకుంటే యాభై. అటూ ఇటూ పోయే రోగుల బంధువులంతా వింతగా చూశారట. చూస్తే చూశారు అనుకుని ఆవిడ గుడ్డ కింద అరటిపళ్ళు తడుముతూ కూర్చుంది. పాఠం అయ్యాక ఆ పళ్ళు ఇద్దరూ తిన్నారు. అంబులెన్సు వచ్చిన దగ్గర్నుంచీ వాళ్ళు ఏమీ తినలేదట.

ఆ గదిలోకి పొద్దునొకసారి, సాయంత్రమొకసారి ఒక్కరినే రానిస్తారు. ఆ రెండు పూటలూ తనే వచ్చింది. తమ్ముణ్ణి కూడా రానివ్వలేదు.

సంతలో నాకు కొత్త బేరగాడు తగిలాడు.

ఆ చెయ్యి నేనెరిగిన చెయ్యి కాదు. చిన్నది, గరుకుగా ఉంది, పట్టు మాత్రం గట్టిది. మొదట ఇరవై అంది. విదిలించాను. ముప్ఫై అంది. విదిలించాను. యాభై దాకా వచ్చింది. సరే, దారిలో పడ్డాడు అనుకున్నాను. ఎనభై అంటాడు కాబోలు అనుకుంటే మళ్ళీ ముప్ఫైకి దిగాడు! ఏ దేశంలోనైనా ఉందా ఇది? యాభై అన్నవాడు ముప్ఫై అంటాడా? నేను వేళ్ళు విదిలించిన కొద్దీ ఇంకో వేలు పట్టుకుంటాడు, గీరాల్సిన చోట నొక్కుతాడు, నొక్కాల్సిన చోట గీరతాడు. కాసేపు మాయమైపోతాడు. మళ్ళీ వచ్చి మొదటినుంచీ మొదలెడతాడు. ఇలాంటి తిక్కమనిషిని నా జన్మలో చూడలేదు.

కొన్ని పూటలు నా వేళ్ళు అసలు కదిలేవి కావని నా భార్య చెప్పింది. ఒక్కోసారి వచ్చిన సమయమంతా చచ్చుచెయ్యి పట్టుకున్నట్టే ఉండేదట. అయినా అడుగుతూనే ఉండేదట. నర్సమ్మ టైమైందమ్మా అంటే, ఇదిగో ఒక్క మాట అనేదట.

ఒక దశలో నాకు విసుగొచ్చింది. ఎండ ఎక్కువైంది, కాళ్ళు లాగేస్తున్నాయి, ముక్కుతాడు ఒరుసుకుపోయి మంట. ఎన్నాళ్ళని నిలబడను? లారీలో నీడ ఉంది. ఎక్కితే పడుకోవచ్చు. ఇది మాత్రం నేను దాచను, ఎక్కేద్దామనిపించింది. ఆ తిక్కమనిషి ఎలాగో తొంభై దాకా వచ్చాడు. మంచి ధరే. ఇక చాలు, ఒప్పుకుందాం, పిడికిలి బిగిద్దాం అనుకున్నాను. డాక్టరుగారి లెక్క ప్రకారం నాకా విసుగు మొదలైంది జ్వరం ఎక్కువై, నాడి పడిపోయి, వాళ్ళంతా మంచం చుట్టూ పరుగులు పెట్టిన రోజు అయ్యుండాలి. సరిపోల్చి చెప్పేవాళ్ళెవరూ లేరు, నేననుకోవడమే.

నేను పిడికిలి బిగించబోయేలోపు ఆ చెయ్యి జారి, తొంభై వదిలేసి, ఒక్క వేలు పట్టుకుంది.

పదివేలు!

కోపం నషాళానికంటింది. నన్ను తొంభై దాకా తెచ్చి పది అంటావా? నాతోనా వేళాకోళం? ఎవడ్రా నువ్వు? ఏ ఊరు, ఎవరి తాలూకా? నీ మొహం చూడాల్సిందే. చూసి, నలుగురిలో కడిగేసి, అప్పుడు పోతే పోతాను. తలెత్తబోయాను. తాడు లాగింది. అయినా ఎత్తాను. కనురెప్పలు మాత్రం రావు. బురదలో కూరుకుపోయిన బండి చక్రానికి భుజం ఆనించి నెట్టినట్టు నెట్టాను. జారింది. మళ్ళీ నెట్టాను. సంత అంతా చెల్లాచెదురవుతోంది, గేదెలు పోతున్నాయి, ఎండ తెల్లబడుతోంది. పోతే పోనీ, వీడు మాత్రం పోకూడదు, వీడి చెయ్యి వదలను అని పట్టుకున్నాను. వదల్లేదు.

ఎదురుగా నా భార్య ఉంది. మొహానికి మాస్కు, నెత్తిన ఆస్పత్రివాళ్ళ పచ్చ టోపీ. నా వైపు చూడటం లేదు. తల వంచుకుని, దుప్పటి కింద తన చేతి వైపే చూస్తూ ఉంది.

నోట్లో గొట్టం. చూస్తూ ఉన్నాను, అంతే. కాసేపటికి తలెత్తింది. నా కళ్ళు చూసింది. మెల్లగా కుర్చీలోంచి కిందికి జారి అక్కడే నేల మీద కూలబడిపోయింది. చెయ్యి మాత్రం మంచం మీదే ఉంది. నర్సమ్మ పరుగెత్తుకొచ్చి, ముందు ఎవర్ని చూడాలో తెలియక నిలబడిపోయింది.

గొట్టం తీశాక కూడా చాలా రోజులు మాట రాలేదు. వచ్చాక కూడా ఒక్కోసారి సంత ఏదో ఆస్పత్రి ఏదో తెలిసేది కాదు. లారీ వెళ్ళిపోయిందా అని తమ్ముణ్ణి అడిగానట. వాడు బిత్తరపోయి, వెళ్ళిపోయింది అన్నా, ఖాళీగా వెళ్ళిపోయింది అన్నాడట. వాడు చెప్పింది అంబులెన్సు గురించి. మా మేనమామ కూడా వచ్చాడు. నా కాళ్ళ దగ్గర చాలాసేపు కూర్చుని, నా భార్య చేతికి కమలాపళ్ళ సంచీ ఇచ్చి వెళ్ళాడు. మళ్ళీ నడవడం నేర్చుకున్నాను. చెంచా పట్టుకోవడం నేర్చుకున్నాను. పడ్డాను, తిట్టాను, లేచాను. కసరత్తు చేయించే పిల్ల నా నోటికి జడిసి రెండుసార్లు ఏడ్చింది, అయినా వదల్లేదు. నేనూ వదల్లేదు.

జరిగిన సంగతంతా తమ్ముడు వార్డులో కూర్చుని చెప్పాడు. అరటిపళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఇద్దరం నవ్వలేక చచ్చాం. "ఏ పూట ఎంత అడిగిందో బయటికొచ్చి చెప్పేది. ఎంత నేర్పినా వదినకు లెక్క రాలేదన్నా. పైకి పోవాలమ్మా, కిందికి దిగకూడదు అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను" అన్నాడు. అందుకా ఆ తిక్కబేరం అనుకున్నాను. నాకు కావలసింది దొరికింది. ఇక జన్మంతా ఏడిపించవచ్చు.

ఒకరోజు పొద్దున్నే రాగిజావ తాగిస్తుంటే మొదలెట్టాను. "ఏమే, తొంభై అన్నదానివి పదికి దిగుతావా? బుద్ధున్న బేరగాడెవడైనా అలా చేస్తాడా? మా తమ్ముడు అంత వివరంగా చెప్పాడటగా, ఆమాత్రం తలకెక్కలేదా నీకు?"

గ్లాసు పక్కన పెట్టింది. "లెక్క మొదటి రోజే వచ్చేసిందండీ" అంది.

"మరి?"

"కుదిరితే మీరు చెయ్యి తీసేస్తారని చెప్పాడు. చెడినా తీసేస్తారని చెప్పాడు. మీ వేళ్ళు బిగుసుకుని మీరు ఒప్పుకునేలా ఉన్నారనిపిస్తే కిందికి దిగేదాన్ని. మరీ కోపమొచ్చి వదిలేసేలా ఉన్నారనిపిస్తే మళ్ళీ పైకి ఎక్కేదాన్ని. ఏదో ఒకటి తేలిపోతే మీరు వెళ్ళిపోతారు కదండీ. అందుకని తేలనివ్వలేదు."

ఇన్నేళ్ళు సంతల్లో తిరిగాను, నన్ను మించిన బేరగాడు ఈ చుట్టుపక్కల లేడని విర్రవీగాను. ఏడుపొచ్చింది. పక్క మంచాల వాళ్ళు చూస్తున్నా సిగ్గుపడకుండా వెక్కి వెక్కి ఏడ్చాను.

"ఊరుకోండి, జావ చల్లారిపోతోంది" అని గ్లాసు మళ్ళీ నా నోటికి పెట్టింది.